క్యారేజీల షెడ్డు

1989 నవంబరు 6, సోమవారం

మూడు రోజులుగా ఒక మాట నోట్లో తిరుగుతోంది. ఎవరితోనూ అనలేను. రాయకపోతే ఎక్కడో ఒకచోట అనేస్తాను, అందుకే రాస్తున్నాను. ఆయన మొదటి షిఫ్టుకు పోయాడు. స్వప్న బడిలో ఉంది. మా అన్న బిడ్డ గంగ కూడా బడిలోనే ఉంది. స్వప్న రెండు పేజీలు గీకి వదిలేసిన నోటుబుక్కు ఇది.

శుక్రవారం జరిగింది. స్వప్న ఇంగ్లీషు బడిలో మధ్యాహ్నం తల్లులే క్యారేజీ తీసుకొచ్చి, షెడ్డులో కూర్చుని పిల్లలకు తినిపిస్తారు. చెంచాతోనే తినాలని అక్కడి మేడం రూలు. ఆ రోజు నేను చెంచా మరిచిపోయాను. గంగ చదివే సర్కారు బడి రోడ్డుకు అవతలే. రెండు బళ్ళకూ మధ్యాహ్నం బెల్లు ఒకేసారి కొడతారు. అన్నానికి ఇంటికి పోయిన గంగ పొయ్యి పక్కన చెంచా చూసింది. తను తినకుండానే పరుగెత్తుకొచ్చింది. కాళ్ళకు చెప్పుల్లేవు, జడకు పాత రిబ్బను. షెడ్డు మధ్యకు వచ్చి "అత్తా, చెంచ" అని చెయ్యి చాపింది.

పద్మావతమ్మగారు అడిగారు, "ఈ పిల్ల ఎవరు శారదగారూ, మీ పనిపిల్లా?" అని.

నేనేమీ అనలేదు. స్వప్న మూతి తుడుస్తున్నాను. వాళ్ళు ఏమనుకున్నారో వాళ్ళే అనుకున్నారు. నేనేమీ అనలేదు.

నవంబరు 7

ఆ షెడ్డులో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పరు. సిమెంటు బెంచి మీద ఆఫీసర్ల భార్యలు, కాంట్రాక్టర్ల భార్యలు. కింద చాప మీద మిగతా తల్లులు. గేటు బయట గోడ నీడలో పనివాళ్ళు. వాళ్ళు క్యారేజీ లోపలికి అందించి, ఖాళీది తిరిగి వచ్చేదాకా నిలబడతారు. జూన్‌లో మొదటి రోజు నేను చూసుకుని చాప మీద కూర్చున్నాను.

ఆగస్టులో నిర్మలాదేవిగారు బెంచి మీదికి పిలిచారు. ఇంజనీరుగారి భార్య. వాళ్ళ బాబుకు స్వప్న పక్కన ఉంటేనే అన్నం సహిస్తుంది. అప్పటి నుంచి నేను 'వచ్చిండు' అనడం మానేశాను, 'వచ్చాడు' అంటున్నాను. ఏ ఊరు అంటే 'ఖమ్మం వైపు' అంటాను. మా పినపాక కూడా ఖమ్మం జిల్లానే కాబట్టి అబద్ధం కాదు. శారద అన్న పేరు కూడా ఈ ఊరు వచ్చాక పెట్టుకున్నదే.

పద్మావతమ్మగారిది కాంట్రాక్టర్ల ఇల్లు. వాళ్ళ మామగారు కోస్తా నుంచి వచ్చి ఏన్కూరు దగ్గర పొలాలు కొన్నారట. ఆవిడ మనవరాలు కూడా యూకేజీనే. ఆవిడ చెడ్డది కాదు. సెప్టెంబరులో స్వప్నకు జ్వరమొస్తే వాళ్ళ జీపులో దవాఖానాకు పంపించింది. ఎదురుగా సర్కారు బడి వదిలినప్పుడల్లా మాత్రం "అదిగో, మంద వదిలారు" అంటుంది. అందరం నవ్వుతాం. నేనూ నవ్వుతాను. గంగ ఆ బడిలో క్లాసు ఫస్టు.

నవంబరు 8

గంగను తెచ్చి రెండేళ్ళయింది. మా గుంపు చిన్న పల్లె, అక్కడ బడి ఐదో తరగతితో అయిపోతుంది. ఇక్కడ ఉంచుకుని చదివిస్తానని నేనే సీతయ్యన్నను అడిగాను. నా బిడ్డ ఒకటి, నీ బిడ్డ ఒకటి కాదన్నాను. రామక్క వదిన ఒక్క మాట కూడా అడ్డం చెప్పలేదు. మా ఇంట్లో పలక పట్టిన మొదటి మనిషిని నేను. రెండోది గంగ.

ఇంగ్లీషు బడిలో ఆరో తరగతికి కొత్తవాళ్ళను తీసుకోరు. అందుకే సర్కారు బడి. అందుకే.

ఇప్పుడు ఏడో తరగతి. ఏప్రిల్‌లో పెద్దపరీక్ష. పాసైతే భద్రాచలంలో హాస్టలు, హైస్కూలు. గంగకు తను సిస్టరు కావాలని ఉంది, దవాఖానాలో తెల్ల బట్టలతో నడిచే సిస్టరు.

నవంబరు 9

స్వప్న నీళ్ళసీసా కూడా మరిచిపోయాను. గంగే తెచ్చింది. ఈసారి లోపలికి రాలేదు. గేటు బయట పనివాళ్ళ పక్కన నిలబడి సీసా లోపలికి పంపింది. బుద్ధిగల పిల్ల, ఎవరూ చెప్పకుండానే పద్ధతి తెలుసుకుంది. నేను రమ్మన్నాను కూడా.

రమ్మన్నానా? చెయ్యి ఊపాను. రమ్మన్నట్టు కూడా అనుకోవచ్చు.

నవంబరు 11

సోమవారం కార్తీక పున్నమికి పద్మావతమ్మగారింట్లో సత్యనారాయణ వ్రతం. బెంచి మీద అందర్నీ పేరంటానికి పిలిచారు, నన్నూ పిలిచారు. తర్వాత పక్కకు వచ్చి, వాళ్ళ పనామె ఊరెళ్ళిందని, "మీ పిల్లని ఒక్కపూట పంపుదురూ, పుణ్యముంటుంది" అన్నారు.

తప్పకుండానండీ అన్నాను. ఇంకేమనాలి.

నవంబరు 12

పెద్దవాళ్ళింట్లో వ్రతం, చూసినట్టు ఉంటుంది, కాస్త చేతిసాయం చేసి రా అని గంగతో చెప్పాను. సోమవారం సెలవైనా బాలల దినం పద్యాలు అప్పచెప్పించుకోవడానికి సారు రమ్మన్నాడట. రానివాళ్ళకు మంగళవారం స్టేజీ లేదన్నాడట. నెలరోజులుగా గిన్నెలు తోముతూ పద్యాలు చదువుతోంది. నాకూ సగం వచ్చేశాయి.

ఒక్క పూటే కదా అన్నాను. నా మొఖం కాసేపు చూసి సరే అంది.

నవంబరు 13

వ్రతం బాగా జరిగింది. పెళ్ళినాటి పట్టుచీర కట్టుకున్నాను. ప్రసాదం బాగుంది. నేను హాల్లో ఉన్నాను. గంగ వెనకవైపు ఉంది.

నవంబరు 14

స్వప్న బడిలో బాలల దినం. పిల్లలకు వేషాలు. ఒకరు డాక్టరు, ఒకరు పోలీసు. పద్మావతమ్మగారి మనవరాలికి అడవిపిల్ల వేషం వేశారు. మోదుగాకులు కుట్టిన లంగా, తలలో కోడి ఈకలు, మొఖానికి మసి. మా గుంపులో ఎవరూ అట్లా ఉండరు, ఎప్పుడూ లేరు. స్టేజీ మీద ఎగురుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు కూడా కొట్టాయి. ఫస్టు ప్రైజు దానికే.

ఇంటికి వచ్చేసరికి గంగ బియ్యం ఏరుతోంది. బడికి పోలేదు.

నవంబరు 15

పొద్దున గంగ ఊరికి పోయింది. వరికోతలకు నాయనకు మనుషులు దొరకడంలేదని మా ఆయనతో చెప్పిందట. ఆయనే బస్టాండుకు తీసుకుపోయి పినపాక బస్సు ఎక్కించాడు. నేను నీళ్ళపంపు దగ్గర ఉన్నాను.

పుస్తకాలన్నీ రేకుపెట్టె మీద వరసగా పేర్చి ఉన్నాయి. వాటి మీద వ్రతంనాడు పద్మావతమ్మగారు ఇచ్చిన పాత గౌను, మడతపెట్టి.

కోతలకు పోయింది. నాలుగు రోజుల్లో వస్తుంది.

నవంబరు 17

కోతలు కదా.

నవంబరు 20

సర్కారు బడి హెడ్మాస్టరు వెంకటనారాయణ సారు ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గంగ ఎందుకు రావడంలేదని అడిగాడు. కోతలన్నాను. ఏడో తరగతి పరీక్షకు కూర్చునే పిల్లల లిస్టు డిసెంబరు పదకొండు, సోమవారం పోతుందని, ఆ లోపల పిల్ల బడిలో కనబడితేనే పేరు రాస్తానని చెప్పాడు. అడవి గుంపుల నుంచి వచ్చి తన బడిలో ఏడు దాకా నిలబడ్డ ఆడపిల్ల గంగ ఒక్కతే అన్నాడు.

పోతూ పోతూ గడప దగ్గర ఆగాడు. "శారదమ్మా, రిజిస్టర్ల సంరక్షకురాలు అనే కాడ మీ సంతకం ఉన్నది. ఎదురుంగ ఇంగ్లీషు బడికాడ మిమ్మల్ని దినాం చూస్త. మా దిక్కు ఒక్కపారి రాలేదు. మా బడికి ఎవ్వరి అమ్మానాయనలూ రారు లెండి. కూలి ఇడిసిపెట్టి ఎట్లొస్తరు? మీకు రోడ్డు దాటుడే కదా."

కోపంగా అనలేదు. అంతకంటే కోపంగా అన్నా బాగుండేది.

నవంబరు 21

అన్నాను.

ఆ శుక్రవారం పద్మావతమ్మగారు పనిపిల్లా అని అడిగినప్పుడు, 'అవునండీ, ఇంట్లో సాయానికి ఉంటుంది' అన్నాను. స్వప్న మూతి తుడిచింది ఆ తర్వాత. గంగ రెండడుగుల దూరంలో ఉంది. చెంచా నా చేతిలో పెట్టి పోయింది. ఆ పూట అది అన్నం తిన్నదో లేదో అడగలేదు.

వ్రతం రోజు సంగతి కూడా. హాల్లో నాకు కాళ్ళకు పసుపు రాస్తుంటే గంగ అరిటాకులు ఎత్తుకుని వెనక గుమ్మంలో నుంచి పోయింది. పసుపు రాస్తున్నది పద్మావతమ్మగారే. ఆవిడ తలెత్తి, "మంచి పిల్లండీ, తల వంచుకుని చేస్తుంది, ఎక్కడ దొరికింది మీకు?" అంది.

ఊళ్ళో దొరికింది అన్నాను. దొరికింది అన్నాను, మా అన్న బిడ్డను.

నవంబరు 22

కోతలు ఇంకా అయి ఉండవు అని ఆయనతో అన్నాను. ఆయన నా మొఖం చూడకుండా, నీకంటే గంగకే తెలుస్తదిలే ఎప్పుడు అయితయో అన్నాడు. ఆయనకు ఎంత తెలుసో నాకు తెలియదు.

నవంబరు 26, ఆదివారం

గుంపుకు పోయి వచ్చాను. బస్సు దిగి వాగు దాటి గంట నడక. కోతలు అయిపోయాయి. పది రోజుల కిందే అయిపోయాయట.

అందరికీ చెప్పేద్దామని పోయాను. దారంతా మాటలు కూర్చుకుంటూ పోయాను. కానీ గంగ ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. చదువు తలకెక్కడంలేదని, లెక్కలు రావడంలేదని, అందుకే వచ్చేశానని చెప్పిందట. వదిన నా కాళ్ళకు నీళ్ళిచ్చి, అత్త ఎంత బాగా చూసుకున్నదో గంగ రోజూ చెప్తుంది అంది. కోడిని కోసింది. అన్న పక్కన కూర్చుని, "చదువు ఎక్కకపాయె, ఏం చేస్తం చెల్లె. నువ్వు మనసు చిన్నజేసుకోకు. నీ మాట నువ్వు నిలబెట్టుకున్నవ్" అన్నాడు.

వదిన ఇంకో ముక్క వేసింది. అదీ తిన్నాను. చెప్పలేదు.

వాగుదాకా గంగ తోడు వచ్చింది. డిసెంబరు పదకొండు సంగతి చెప్పి, రా, పోదాం అన్నాను. నడుస్తూనే ఉంది. నీళ్ళ దగ్గర ఆగి మా భాషలో అడిగింది. వస్తాను గానీ, ఎవరినని రావాలి అత్తా?

అంతే అడిగింది. ఏడవలేదు. బస్సుకు టైమైందన్నాను.

నవంబరు 27

గంగకు లెక్కల్లో నూటికి తొంభై నాలుగు. ప్రోగ్రెసు కార్డు నా పెట్టెలోనే ఉంది.

నవంబరు 28

ఈరోజు చెప్పాను.

అంతా తినిపించడం అయ్యాక, మూతలు పెట్టుకునే వేళ. పద్మావతమ్మగారే ఎత్తారు, వచ్చే సోమవారం ఇంట్లో చుట్టాలున్నారు, మీ పిల్లను మళ్ళీ పంపుతారా అని. లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు, బడిలో సారు ప్రశ్న అడిగినట్టు.

"ఆ పిల్ల పనిపిల్ల కాదండీ. మా అన్న బిడ్డ. ఏడో తరగతి సదువుతున్నది. ఆ రోజు నేను అబద్ధం చెప్పిన. మాది ఖమ్మం కాదు, పినపాక అవతల గుంపు. మేం కోయోళ్ళం."

'చెప్పిన' అనే వచ్చింది నోట్లోంచి.

నాకు నవ్వులు వినబడతాయనుకున్నాను. పద్మావతమ్మగారి మొఖం ఎర్రబడింది. "మీ అన్నగారి కూతురా?" అంది. తర్వాత నెమ్మదిగా, "అయితే పేరంటానికి రావలసిన ఆడపిల్ల చేత నేను అంట్లు తోమించానన్నమాట. పున్నమి నాడు. దొడ్లో, రాతి మీద కూర్చోబెట్టి ప్రసాదం పెట్టాను. ఒక్క మాట చెప్తే బొట్టు పెట్టి పంపేదాన్నిగా. నా చేత ఎంత పని చేయించారమ్మా మీరు" అంది.

అప్పటిదాకా నన్ను 'గారు' అనేది. ఈరోజు 'అమ్మా' అంది. అది తగ్గించడమో దగ్గర చేయడమో తేల్చుకోలేకపోయాను. పనిపిల్ల అయితే దొడ్లో రాతి మీద పెట్టవచ్చా అని అడగాలనిపించింది. అడగలేదు. అది అడిగే మొఖం నాకు లేదు.

నవంబరు 29

బెంచి మీద నా చోట్లో ఎవరిదో బుట్ట ఉంది. తీయమని అడగలేదు. చాప మీద కూర్చున్నాను. చాప మీదివాళ్ళు కూడా కొంచెం జరిగారు. చోటు ఇవ్వడానికి జరిగారో, మరెందుకో.

వదిలాక నిర్మలాదేవిగారు గేటు దాకా పక్కన నడిచారు. "ఆ అమ్మాయి నవ్వితే మీ స్వప్నే. మొదటి రోజే నాకు తెలిసింది. మీరు అంత ఇబ్బందిపడుతుంటే నేనెందుకు కదపాలని ఊరుకున్నాను" అన్నారు. మంచికే ఊరుకున్నానన్నట్టు చెప్పారు. మంచికే అయి ఉండవచ్చు. ఆవిడ ఆ రోజు ఒక్క మాట అని ఉంటే బాగుండేదని కాసేపు కోపం వచ్చింది. అనాల్సింది ఆవిడ కాదు.

స్వప్న దారిలో అడిగింది, గంగవదిన మన ఇంట్లో పనిచేస్తదా అమ్మా, బడిలో అంటున్నరు అని. కాదు, నీ మేనమామ బిడ్డ అన్నాను. తెల్సులే అంది.

నవంబరు 30

రోడ్డు దాటి సర్కారు బడికి పోయాను. మధ్యాహ్నం వేళ. ఇంటికి పోనివాళ్ళు వరండాలో వరసగా కూర్చుని డబ్బాలు విప్పుకుంటున్నారు. పెద్దవాళ్ళు ఎవరూ లేరు. అక్కాచెల్లెళ్ళు ఒకరికొకరు పెట్టుకుంటున్నారు. నన్ను చూసి అందరూ లేచి నిలబడ్డారు, ఇన్‌స్పెక్టరమ్మ అనుకుని. కూర్చోండి అన్నా చాలాసేపు కూర్చోలేదు.

సారు లిస్టు చూపించాడు. పద్దెనిమిది పేర్లు. పంతొమ్మిదో వరస ఖాళీగా ఉంచాడు.

డిసెంబరు 1, శుక్రవారం

నోటితో చెప్పలేనని ఆదివారం తేలిపోయింది, అందుకే ఉత్తరం రాయాలనుకున్నాను. ముందు అన్న పేరు మీద మొదలుపెట్టాను. అన్నకు చదవడం రాదు. వాళ్ళ ఇంట్లో చదవగలిగింది గంగే. అంటే నా తప్పును వాళ్ళ నాయనకు గంగే నోరు విప్పి చదివి వినిపించాలి. అది కూడా దాని చేత పని చేయించుకోవడమే. చించేశాను.

రెండోది గంగ పేరు మీద రాశాను. ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను, పోస్టులో వేశాక నేనేమి రాశానో మార్చి అనుకోకుండా.

గంగా,

ఇది నీ పేరు మీద వచ్చే మొదటి ఉత్తరం అనుకుంట. కవరు మీద మీ నాయన పేరు కింద రాసిన, నీ పేరు పైన రాసిన.

నువ్వు చెంచ తెచ్చిన రోజు షెడ్డుల నిన్ను పనిపిల్ల అని చెప్పిన. నువ్వు ఇన్నవ్. ఇన్నవని నాకు తెల్సు. ఆళ్ళు అడిగితే చెప్పిన అని రాస్తే సగం అబద్ధం. బెంచి మీద నా జాగ పోతదని చెప్పిన. దాని ఎనకాలే నిన్ను వ్రతం ఇంటికి పంపిన, నీ పద్యాలు పాడుజేసిన. సదువు ఎక్కలేదని నువ్వు ఇంట్ల నా మీద మాట రాకుంట చెప్పినవ్. నీకంటే పెద్దదాన్ని, గా పని నేను చెయ్యాల్సింది.

మంగళవారం షెడ్డుల అందరి ముందు నిజం చెప్పిన. అందుకు నువ్వు మెచ్చుకోవాలని రాస్తలేను. నువ్వు అడిగినదానికి జవాబు లేకుంట వాగుకాడి నుంచి వచ్చిన, అందుకు రాస్తున్న. ఎవరినని రావాలె అన్నవ్. మా అన్న బిడ్డవని రా.

ఇంకొకటి. ఇన్ని రోజులు నేను స్వప్నకాడ కూసుంటే నువ్వు ఒక్కదానివే ఇంటికి వచ్చి గిన్నెల మిగిలింది తిన్నవ్. స్వప్నకు చెంచతోని తినుడు వచ్చింది. ఆమె క్యారేజీ ఇచ్చి నేను రోడ్డు దాటి మీ బడికి వస్త. మీ వరండల కూసుంట. నిన్న పోయి చూసొచ్చిన, జాగ ఉన్నది.

ఈ ఉత్తరం మీ నాయనకు, అమ్మకు చదివి వినిపించాలని లేదు. వద్దనుకుంటే దాచుకో. నువ్వే రా, నువ్వే చెప్పు అంటే నేనే వచ్చి ఆళ్ళ ముంగట చెప్త, ఈసారి బస్సు పోయినా సరే.

కవర్ల మా అడ్రసు రాసిన కార్డు పెట్టిన. సారు పదకొండు దాకా నీ వరస ఖాళీ ఉంచుతనన్నడు. తొమ్మిదో తారీకు శనివారం లోపల నీ కార్డు నాకు అందాలె. వస్తనని రాసినా, రానని రాసినా, నీ చేతితోనే రాయి.

మీ అత్త
సారమ్మ